పట్టు తెగితే గుత్తంతా రాలుతుంది!

తెర పైభాగాన ద్రాక్షగుత్తుల్లా వేలాడే రంగురంగుల బుడగలు. కింద ఓ చిన్న ఫిరంగి. అందులో సిద్ధంగా ఓ ఎర్ర బుడగ. మౌస్‌ని అటూ ఇటూ జరిపి, గురి చూసి ఒక్క క్లిక్... అది రివ్వున వెళ్లి పైనున్న రెండు ఎర్రవాటికి అతుక్కుంటుంది. మూడూ కలిసి 'టప్'మని పేలిపోతాయి.

ఇంతే ఆట! నేర్చుకోవడానికి అర నిమిషం చాలు. మీటలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఇంగ్లిష్ రానక్కర్లేదు. అందుకే 2000ల్లో మన ఇళ్లకి కంప్యూటర్లు వస్తున్న కొత్తలో ఈ ఆట ఇంటిల్లిపాదినీ కట్టిపడేసింది. కారు రేసులూ తుపాకుల ఆటలూ పిల్లల సొత్తు. వాళ్లు బడికెళ్లాక మధ్యాహ్నం పూట అమ్మా, రిటైరైన తాతయ్యా వంతులేసుకుని కూర్చున్నది మాత్రం సాలిటైర్ ముందూ, ఈ బుడగల ముందూ. పిల్లల చదువు కోసమని అప్పు చేసి కొన్న కంప్యూటర్ మీద, మౌస్ పట్టుకోవడం చాలామంది పెద్దవాళ్లకి ఇలాగే అలవాటైంది.

'ఏముందిలే, రంగుకి రంగు కలపడమేగా' అనిపిస్తుంది పక్కనుంచి చూసేవాళ్లకి. ఏళ్ల తరబడి ఆడేవాళ్లలోనూ చాలామంది అలాగే అనుకుంటారు. కనుకే ఓ దశ దాటి ముందుకెళ్లలేరు. నిజానికిది రంగులు కలిపే ఆట కాదు... ఏది దేన్ని పట్టుకుని వేలాడుతోందో కనిపెట్టే ఆట!

డ్రాగన్ల ఇంట పుట్టింది

ఈ ఆటకి పుట్టిల్లు జపాన్. అక్కడి టైటో కంపెనీ 1986లో 'బబుల్ బాబుల్' అనే ఆట తెచ్చింది. దాన్ని రూపొందించింది ఫుకియో మిత్సుజీ. బబ్, బాబ్ అనే రెండు బుల్లి డ్రాగన్లు నోటితో బుడగలూది, శత్రువుల్ని అందులో బంధించి పేల్చేస్తుంటాయి. ఆ డ్రాగన్లకి పేరొచ్చాక, వాటితోనే 1994లో 'పజిల్ బాబుల్' తయారైంది. అమెరికాలో దాని పేరు 'బస్ట్ ఎ మూవ్'. బాణం గుర్తు తిప్పి బుడగ వదలడం, మూడు కలిస్తే పేలడం, ఆధారం లేనివి రాలిపోవడం... ఇవాళ మనం చూసే బుడగల ఆటలన్నీ ఆ అచ్చులోంచి వచ్చినవే.

అయితే అది నాణెం వేసి ఆడే యంత్రం. ఒకళ్లే గంటలకొద్దీ ఆడుతుంటే యజమానికి గిట్టుబాటు కాదు. అందుకే అందులో తొందరపెట్టే ఏర్పాట్లున్నాయి. గురి చూస్తూ కాస్త ఆలస్యం చేస్తే బుడగ దానంతటదే వెళ్లిపోతుంది. కొన్నిసార్లు వదలగానే పైకప్పు ఒక మెట్టు కిందికి దిగుతుంది.

ఇంటి కంప్యూటర్‌కి ఆ అవసరం లేదు కదా! కరెంటు పోతే తప్ప లెమ్మనేవాళ్లెవరు? 1996లో డేవ్ డాబ్సన్ అనే అమెరికన్ మెకింటాష్ కంప్యూటర్ల కోసం 'స్నూడ్' రాశాడు. కళాశాలలో భూగర్భశాస్త్రం చెప్పిన మనిషాయన. ఆయన గడియారాన్ని తీసి పక్కన పెట్టేశాడు. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. కాకపోతే వేసే ప్రతి దెబ్బకీ పక్కనే ఉన్న ప్రమాద సూచిక కొంచెం పైకెక్కుతుంది. గుత్తుల్ని రాలగొడితే దిగుతుంది. అంటే శిక్ష ఆలస్యానికి కాదు, ఆలోచించకుండా కొట్టే దెబ్బకి!

2000ల ఆరంభంలో ఉక్రెయిన్‌కి చెందిన అబ్సల్యూటిస్ట్ సంస్థ 'బబుల్ షూటర్' తీసుకొచ్చింది. ఇదీ నింపాదిగా ఆడుకునేదే. ఇంటర్నెట్ బ్రౌజర్‌లోనే ఆడుకునే వీలుండటంతో, పెద్దవాళ్లు బాగా మరిగిన రూపం ఇదే అయింది. గురి తప్పిన దెబ్బలు కొన్ని పోగుపడితే పైనుంచి కొత్త వరస దిగుతుంది. అంతకుమించి ఒత్తిడి లేదు.

నూటముప్ఫయ్యా... పదివేలా?

మళ్లీ అసలు సంగతికొద్దాం. బుడగలు వరసగా ఉన్నా, ఒక వరస మీది సందుల్లో తర్వాతి వరస కూర్చుంటుంది. తేనెపట్టులో గదుల్లాగన్నమాట. అందుకే నడిమధ్యనున్న ఏ బుడగకైనా చుట్టూ ఆరు బుడగలు తగులుతాయి. ఈ ఆరింటిలో ఏదో ఒకదాని గుండా పైకప్పు దాకా దారి ఉంటేనే ఆ బుడగ నిలుస్తుంది. దారి తెగితే, దాని రంగు ఏదైనా సరే, రాలాల్సిందే.

దీని విలువెంతో పజిల్ బాబుల్ లెక్క చూస్తే తెలుస్తుంది. పేల్చిన ఒక్కో బుడగకి 10 పాయింట్లు. అదే ఆధారం తెగి రాలితే... ఒకటి రాలితే 20, రెండు రాలితే 40, మూడు రాలితే 80. ఇలా ఒక్కో బుడగకీ రెట్టింపవుతూ పోతుంది. చదరంగం గళ్లలో వడ్లగింజల కథ లాంటిదే! పది బుడగలు ఒకేసారి రాలితే 10,240. పదిహేడు రాలితే 13,10,720. అక్కడితో హద్దు.

ఇప్పుడు పదమూడు బుడగలున్న గుత్తి ఒకటి ఊహించుకోండి. పైన మూడు పసుపువి కప్పుకి అంటుకుని ఉన్నాయి. మిగతా పదీ వాటిని పట్టుకుని వేలాడుతున్నాయి. కింది నుంచి ఓపిగ్గా ఒక్కో రంగే కలుపుతూ పదమూడింటినీ పేల్చేవాళ్లకి వచ్చేవి 130 పాయింట్లు. పక్కనుంచి సందు చూసుకుని పైనున్న పసుపు మీదికి ఒక్క పసుపు బుడగ పంపినవాళ్లకి పదివేలు దాటుతాయి. పైగా పది దెబ్బల పని ఒక్క దెబ్బతో అయిపోయింది.

కాబట్టి బుడగ వదిలేముందు 'ఇది ఎక్కడ కలుస్తుంది' అని కాదు, 'ఈ గుత్తికి పట్టు ఎక్కడుంది' అని చూడాలి. చూపు కిందినుంచి పైకి కాదు, పైనుంచి కిందికి రావాలి. ఈ ఒక్క అలవాటుతో ఆట తీరే మారిపోతుంది.

క్యారమ్స్ వస్తే సగం వచ్చినట్టే

పట్టు ఎప్పుడూ ఎదురుగా దొరకదు. అడ్డంగా వేరే రంగులుంటాయి. అప్పుడు ఆదుకునేది పక్కగోడ. వేసవి సెలవుల్లో క్యారమ్ బోర్డు ముందు కూర్చున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. స్ట్రైకర్ కట్టకి తగిలి తిరిగొచ్చి కాయిన్‌ని కొట్టినట్టే, బుడగా గోడకి తగిలి వెనక్కి తిరుగుతుంది. ఎంత వాలుగా వెళ్తే అంతే వాలుగా వస్తుంది. బోర్డు మీద పౌడర్ తక్కువైందనో, కట్ట మెత్తగా ఉందనో ఇక్కడ సాకులు చెప్పడానికి లేదు.

గురి కుదరడానికి ఓ చిట్కా ఉంది. పక్కగోడని అద్దం అనుకోండి. మీరు కొట్టాల్సిన చోటు గోడకి మూడు బుడగల దూరంలో ఉంటే, దాని నీడ గోడకవతల మూడు బుడగల దూరంలో కనిపిస్తుంది. సూటిగా ఆ నీడకేసి కొట్టండి. గోడకి తగిలి తిరిగొచ్చిన బుడగ అసలు చోటికే వెళ్తుంది. ఒక చిన్న సవరణ మాత్రం ఉంది. గోడకి తగిలేది బుడగ అంచు, దాని నడిమి బిందువు కాదు. అందుకని అద్దం గోడ మీద కాకుండా, సగం బుడగంత లోపలికి ఉందనుకోవాలి. ఓ పది దెబ్బలు వేసి చూస్తే చేతికే తెలిసిపోతుంది.

ఒక రంగుని సాగనంపండి

ఫిరంగిలోకి ఏ రంగు వస్తుందో మన చేతిలో లేదు. కానీ ఎన్ని రంగుల్లోంచి రావాలో కొంతవరకూ మన చేతిలోనే ఉంది. ఈ ఆటల్లో చాలావాటిలో, తెర మీద ఒక రంగు పూర్తిగా ఖాళీ అయితే ఆ రంగు బుడగ మళ్లీ రాదు.

దాని లాభం లెక్కేద్దాం. ఆరు రంగులున్నప్పుడు, అన్నిటికీ సమానావకాశం ఉంటే, కావాల్సిన రంగు వచ్చే వీలు ఆరింట ఒక వంతు. వరసగా మూడుసార్లు చూసినా అది రాకపోయే అవకాశం నూటికి 58. అదే నాలుగు రంగులకి దించితే ఆ అవకాశం 42కి పడిపోతుంది. అందుకే అన్ని రంగుల్నీ కొంచెం కొంచెం తగ్గించడం కంటే, ఇప్పటికే తక్కువగా ఉన్న రంగుని వెతికి మరీ ముగించడం మేలు. నలుగురు అప్పులవాళ్లకి తలో వందా ఇచ్చేకంటే ఒకరి బాకీ పూర్తిగా తీర్చేసినట్టు!

పనికిరాని బుడగ వచ్చినప్పుడు విసుగ్గా ఎక్కడో ఒకచోట పారేయడం మరో పొరపాటు. అది వెళ్లి మంచి దారికి అడ్డం కూర్చుంటుంది. దాన్ని కూడా తన రంగు పక్కనే, లేదంటే రేపో మాపో రాలిపోయే గుత్తికి తగిలించాలి. తర్వాత వచ్చే బుడగ ఏమిటో చాలా ఆటలు పక్కనే చూపిస్తాయి. ఆ చిన్న బొమ్మకేసి చూడనివాళ్లే ఎక్కువ.

కంప్యూటర్‌కీ తలనొప్పే

'ఆడవాళ్ల కాలక్షేపం', 'ముసలివాళ్ల ఆట' అని తేలిగ్గా తీసేసేవాళ్లు వినాల్సిన సంగతొకటుంది. 2015లో ఎరిక్ డిమేన్, స్టీఫన్ లాంగర్‌మాన్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఈ పజిల్ బాబుల్ మీదే ఓ పరిశోధన పత్రం వెలువరించారు. రాబోయే బుడగల వరస మొత్తం ముందే చెప్పేసినా, రంగులు మూడే ఉన్నా, తెర ఖాళీ చేయగలమా లేదా తేల్చడం 'ఎన్‌పీ-కంప్లీట్' కోవలోకి వస్తుందని అందులో నిరూపించారు. అంటే, ఎంత పెద్ద తెర ఇచ్చినా త్వరగా జవాబు తేల్చేసే కిటుకు ఇంతవరకూ ఎవరికీ దొరకని చిక్కు లెక్కల జాబితాలో ఇదీ ఒకటి. ఇకమీదట వంటింటి పని ముగించుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లని 'పనీపాటా లేదా' అని ఎవరన్నా అంటే, ఈ ముక్క చెప్పొచ్చు!

రంగు తేడా తెలియకపోతే?

ఇంట్లో పిల్లాడు మిగతా అన్నీ బాగా ఆడతాడు. ఈ ఆటలో మాత్రం ఎర్ర బుడగని తీసుకెళ్లి ఆకుపచ్చవాటి మధ్య పెడుతుంటాడు. 'కళ్లు పెట్టుకు చూడు' అని కసిరేముందు ఒక్క నిమిషం ఆగండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియని వర్ణాంధత్వం ఉందేమో! ఐరోపా సంతతి మగవాళ్లలో నూటికి సుమారు 8 మందికీ, ఆడవాళ్లలో రెండొందల మందిలో ఒకరికీ ఇది ఉంటుంది. దీనికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగపిల్లలకి అది ఒక్కటే ఉంటుంది కాబట్టి, ఎక్కడైనా వాళ్లలోనే ఎక్కువ.

పుట్టుకతో వచ్చిన తేడా కావడంతో పిల్లలకి తమకు తక్కువగా కనిపిస్తోందన్న సంగతే తెలియదు. చుక్కల మధ్య అంకెలుండే ఇషిహారా పటాలతో కంటి డాక్టర్లు నిమిషాల్లో తేల్చేస్తారు. రైలు నడిపే ఉద్యోగాల్లాంటివాటికి రంగుల చూపు తప్పనిసరి. ఏళ్ల తరబడి పరీక్షలకి చదివి, చివర్లో వైద్య పరీక్షలో వెనక్కి రావడం కంటే చిన్నప్పుడే తెలుసుకోవడం మంచిది కదా! ఆట మానిపించక్కర్లేదు. రంగుతోపాటు ఒక్కో బుడగ మీద ఒక్కో గుర్తు చూపించే రకాలూ ఉన్నాయి. 2002లో వచ్చిన 'ఫ్రోజెన్ బబుల్' అలాంటిదే.

ఆటలే రాలిపోయిన రోజు

ఒక పట్టు తెగితే ఎన్ని రాలతాయో ఈ ఆటల చరిత్రలోనే చూడొచ్చు. బ్రౌజర్‌లో ఆడుకునే బుడగల ఆటలు వేలాదిగా పుట్టింది 'ఫ్లాష్' అనే సాఫ్ట్‌వేర్ ఆధారంగా. మాక్రోమీడియా కంపెనీది అది. 2005లో అడోబి చేతికొచ్చింది. పేజీ తెరిస్తే చాలు ఆట మొదలయ్యేది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు.

కానీ అన్నీ దాన్ని పట్టుకునే వేలాడుతున్నాయి! ఐఫోన్‌లో ఫ్లాష్‌కి చోటివ్వలేదు. ఎందుకివ్వమో చెబుతూ 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖే రాశారు. భద్రతలో లొసుగులు ఎక్కువవడంతో 2017లో అడోబి ముగింపు ప్రకటించింది. 2020 డిసెంబరు 31తో మద్దతు ఆపేసి, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో ఆటలు తెరుచుకోకుండా చేసింది. కొన్ని వేల ఆటలు ఒక్కసారిగా మూగబోయాయి. రోజూ అదే పేజీ తెరిచి ఆడే పెద్దవాళ్లు 'కంప్యూటర్ పాడైంది' అనుకున్నారు. పాడైంది కంప్యూటర్ కాదు, పైనున్న పట్టు.

రాలినవన్నీ పోలేదు. బబుల్ షూటర్ లాంటివాటిని కొత్త పద్ధతిలో తిరగరాశారు. అవి ఇప్పటికీ బ్రౌజర్‌లో ఆడుకోవచ్చు. ఎవరూ పట్టించుకోని చిన్నా చితకా ఆటల్ని కాపాడింది మాత్రం ఔత్సాహికులే. 2018లో మొదలైన 'ఫ్లాష్‌పాయింట్' బృందం లక్షకు పైగా ఆటల్ని దాచిపెట్టింది. 2020 నవంబరు నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా పాత ఫ్లాష్ ఆటల్ని 'రఫుల్' అనే సాఫ్ట్‌వేర్ సాయంతో ఆడనిస్తోంది.

ఇందాకటి ఫ్రోజెన్ బబుల్‌కి అసలా గండమే రాలేదు. పెంగ్విన్లు బుడగలు వదిలే ఈ ఆటని గియోమ్ కోటెన్సో లినక్స్ కోసం రాసి, దాని సోర్స్ కోడ్‌ని అందరికీ ఇచ్చేశారు. ఒంటరిగా ఆడటానికి 100 దశలున్నాయి. ఇంట్లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని పోటీ పడొచ్చు. ఒక కంపెనీ మూతపడినా, ఒక సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా ఎవరో ఒకరు అందుకుని ముందుకు తీసుకెళ్లగలరు. ఒకే పట్టు మీద వేలాడని ఆట అది.

ఇచ్చట ప్రాణాలు అమ్మబడును

ఆట ఇంటి కంప్యూటర్ నుంచి ఫోన్లోకి మారేసరికి మరో మార్పు వచ్చింది. 2011లో కింగ్ సంస్థ ఫేస్‌బుక్‌లో 'బబుల్ విచ్ సాగా' తెచ్చింది. తర్వాత అది ఫోన్లకీ వచ్చింది. అందులో ఒక్కో దశకి ఇన్నే బుడగలు. ఓడితే ఒక 'ప్రాణం' పోతుంది. ప్రాణాలన్నీ అయిపోతే అవి మళ్లీ నిండేదాకా ఆగాలి, లేదా స్నేహితుల్ని అడగాలి, లేదా డబ్బు పెట్టి కొనాలి. తర్వాత వచ్చిన ఎన్నో ఆటలు ఇదే దారి పట్టాయి.

నాణెం వేసే యంత్రం మళ్లీ వచ్చిందన్నమాట... ఈసారి జేబులోకే! తేడా ఒక్కటే. ఆ రోజుల్లో నాణెం ఆడటానికి. ఇప్పుడు, ఓడిపోయి ఉక్రోషంగా ఉన్న క్షణంలో, ఇంకో మూడు బుడగలకి. ఒక్క దెబ్బ దూరంలో ఆగిపోయినప్పుడు ఎవరికైనా చెయ్యి ఆగదు. ఫోన్ పెద్దవాళ్ల చేతిలో ఉన్నా, పిల్లల చేతిలో ఉన్నా, కొనుగోళ్లకి పాస్‌వర్డ్ తప్పనిసరి అని సెట్టింగుల్లో పెట్టేయండి. ఈ ఆటలో ఆనందమంతా పట్టు కనిపెట్టడంలోనూ, గురి కుదరడంలోనూ ఉంది. ఆ రెండూ ఎవరూ అమ్మలేరు, కొన్నా రావు.

ఎప్పుడు లేవాలి?

డబ్బు పోని ఆటలోనూ పోయేదొకటుంది... సమయం! తెర ఖాళీ అవగానే కొత్త తెర, ఓడిపోగానే 'మళ్లీ ఆడతారా' అన్న ప్రశ్న. మధ్యలో ఊపిరి పీల్చుకునే చోటే ఉండదు. 'ఈ ఒక్కటీ' అంటూ ఇంకొకటి. క్యారమ్స్‌లో కాయిన్లు మళ్లీ పేర్చుకోవాలి, పేకాటలో ముక్కలు కలపాలి. ఆ కాస్త విరామంలోనే 'ఇక చాల్లే' అనిపిస్తుంది. ఇక్కడ ఆ విరామాన్ని మనమే కల్పించుకోవాలి.

గడియారం పెట్టుకోవడం కంటే పనికి ముడిపెట్టడం మేలు. పొయ్యి మీద పప్పు పెట్టి కూర్చుంటే కుక్కర్ మూడో విజిల్‌తో ఆట బందు. సాయంత్రమైతే పాలవాడు వచ్చేదాకా. పిల్లలకైతే నిమిషాలు కాకుండా 'మూడు ఆటలు' అని చెప్పండి. ఎలాగూ తొందరపడి ఓడితే ఆటలు అయిపోతాయి కాబట్టి ఆలోచించి ఆడతారు. ఇరవై నిమిషాలకోసారి తెర మీంచి చూపు తిప్పి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా ఇరవై సెకన్లు చూడమని కంటి వైద్యులు చెబుతారు. పెరట్లో జామచెట్టున్నా సరే, ఎదురింటి డాబా అయినా సరే.

ఇక ఎంతకీ లేవలేకపోతున్నారా? ఆడిన కిటుకే వాడండి. ఒక్కో ఆటతో పోరాడుతూ కూర్చోకుండా, మిమ్మల్ని ఆ కుర్చీకి వేలాడదీసిన పట్టు ఏమిటో చూడండి. చేయాల్సిన పని మీద విసుగా, మాట్లాడే తోడు లేకపోవడమా, మధ్యాహ్నం తోచకపోవడమా? అది తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే రాలతాయి.